ఎవరి ఎడమ?

మా కోడలు గ్రూప్ ఫోటోలు తీస్తుంది. బడిపిల్లలు, కాలేజీ పిల్లలు, ఉద్యోగం నుంచి రిటైరయ్యేవాళ్ళు, ఆటల పోటీలో గెలిచినవాళ్ళు, ఓడిపోయినా సరే ఫోటో కావాలనేవాళ్ళు, ఎవరొచ్చినా అంతే. పెద్దవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి, పొడుగువాళ్ళని వెనక బల్లలెక్కించి, ఎవరి తలా ఎవరికీ అడ్డం రాకుండా సర్ది టక్కున తీసేస్తుంది. ఇంట్లో బెల్లం కొట్టిన రాయిలా ఉండే పిల్ల, కెమెరా వెనక నిలబడిందంటే చాలు, పోలీసు అధికారి అయిపోతుంది.

నేను ఆమెని మొదటిసారి చూసింది కూడా ఆ అవతారంలోనే. బట్టల మిల్లులో అది నా ఆఖరి రోజు. ఏళ్ళ తరబడి ఒకే మగ్గం దగ్గర పనిచేశాను. దాని మోటారు నా కుడిపక్కన ఉండేది. మిల్లు నాకు జీతం ఇచ్చి, కుడి చెవి పుచ్చుకుంది. ఆ రోజు రిటైరయ్యేవాళ్ళందరికీ గేటు ముందు ఫోటో. మా పెద్ద మేస్త్రీ నడుమ కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. ఆయన దగ్గితే మిల్లు ఆగిపోతుంది, అలాంటి మనిషి.

"మేస్త్రీగారూ, కొంచెం ఎడమకి జరగండి" అంది ఈ పిల్ల.

ఆయన కుర్చీతో సహా తప్పు వైపు జరిగాడు.

"నా ఎడమ కాదండీ, మీ ఎడమ" అంది, విసుగు లేకుండా, భయం లేకుండా.

మేస్త్రీ నోరు మెదపకుండా ఇటు జరిగాడు. ఇంకా జరగమంది, ఇంకా జరిగాడు. చివరికి వరస కొసన తేలాడు. నేను నవ్వు ఆపుకోలేక ఫోటోలో పళ్ళికిలించుకుని పడ్డాను. అప్పుడే అనుకున్నాను, లారీ నడిపే మా కొడుక్కి ఈ పిల్లే సరైనదని. వాణ్ణి పక్కకి జరగమనే మనిషి మా ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు మరి. అడిగాం, ఒప్పుకున్నారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ పెళ్ళితో మేమిద్దరం ఆ రెండు బిరుదులూ పోగొట్టుకున్నాం.

ఆ మిల్లు ఫోటో ఇప్పటికీ మా ముందుగది గోడ మీద ఉంది. అడుగున అందరి పేర్లూ వరసగా అచ్చువేసి ఉంటాయి. వాటిని నేనెప్పుడూ చదవలేదు. ఫోటోలో ఎవరి ముఖం వాళ్ళు చూసుకుంటారు గానీ పేర్లెవరు చదువుతారు?

తర్వాత కాలం మారింది. జేబుకో ఫోను, ఫోనుకో కెమెరా. స్టూడియోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఈ ఏడు బడుల ఫోటోలు అయిపోగానే షట్టరు దించేస్తానని స్టూడియో యజమాని చెప్పేశాడు. ఆయన్ని అనేందుకేం లేదు, పాపం ఆయనే రెండు కెమెరాలు అమ్ముకున్నాడు.

అందుకని మా కోడలు గుమస్తా పరీక్ష రాస్తోంది. ప్రభుత్వం ఆఫీసులో కుర్చీ, ఫ్యాను కింద పని. ఇప్పటికి రెండుసార్లు రాసింది. రెండుసార్లూ వెంట్రుకవాసిలో పోయింది. వయసు లెక్క ప్రకారం ఈసారి రాయడమే ఆఖరు. ఆ తర్వాత ఆమె ఎంత చదివినా ఆ పరీక్ష గుమ్మం తొక్కనివ్వరు.

"ఈసారీ కాకపోతే ఆ పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడెయ్యమనమ్మా" అన్నాడు నా కొడుకు, ఎక్కడో రోడ్డు పక్కన లారీ ఆపి ఫోన్లో. "మా ఓనరు గోడౌన్‌లో మూటలు లెక్కపెట్టే పని ఉంది, మాట్లాడతాను."

"నువ్వు స్టీరింగు సంగతి చూసుకో" అన్నాను. "కందకి లేని దురద కత్తిపీటకెందుకురా?"

అన్నాను గానీ నాకూ దిగులుగానే ఉంది. ముఖాలు చూసి బతికిన మనిషిని మూటల మధ్య కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆ పరీక్షలో లెక్కలు వస్తాయి, భాష వస్తుంది, అవన్నీ ఆమె బాగానే చేస్తుంది. ఆమెని ముంచుతున్నది ఒక్కటే. వరసలో కూర్చునే లెక్కలు. కొంతమంది ఒక బల్ల మీద వరసగా కూర్చుంటారు. ఫలానావాడికి కుడిపక్కన ఫలానావాడు, చివర ఇంకొకడు, ఇద్దరి నడుమ మరొకడు అని ముక్కలు ముక్కలుగా చెబుతారు. అన్నీ కలిపి ఎవరెక్కడ కూర్చున్నారో మనం కనిపెట్టాలి. దాని కింద అయిదు ప్రశ్నలుంటాయి.

చేపపిల్లకి ఈత నేర్పాలా అనుకున్నాను మొదట్లో. రోజూ జనాన్ని వరసల్లో కూర్చోబెట్టే మనిషికి ఇదొక లెక్కా? తీరా చూస్తే ఆ చేప సరిగ్గా ఆ నీళ్ళలోనే మునిగిపోతోంది. ఆ అయిదు మార్కులూ వచ్చి ఉంటే రెండుసార్లూ గట్టెక్కేదే.

ఇంట్లో అభ్యాసం వంటింట్లో జరిగేది. నేల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. నేనెప్పుడూ ఆమెకి కుడివైపునే. తినేటప్పుడైనా, కూరలు తరిగేటప్పుడైనా, టీవీ చూసేటప్పుడైనా అంతే, ఎందుకంటే నాకు వినపడే చెవి ఎడమది. అటు కూర్చుంటే ఆమె మాట నా చెవిలో పడుతుంది. ఇటు కూర్చుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పుస్తకంలో మనుషులకి పేర్లుండవు, అక్షరాలే. అక్షరాలని కూర్చోబెట్టడం నాకు మనసొప్పలేదు. అందుకని ఆ పదవులు వంటసామానుకి ఇచ్చాం. చెంబు, గ్లాసు, గరిటె, మూత, గిన్నె. నేను పుస్తకం పట్టుకుని చదువుతాను, ఆమె సర్దుతుంది.

"నడుమ చెంబు. చెంబుకి కుడిపక్కనే గ్లాసు. గ్లాసుకి అవతల, చివర, గరిటె. మూత చెంబుని ఆనుకుని ఉంది."

ఆమె చకచకా పెట్టేసేది. మిగిలిన చోటు గిన్నెది.

"ఇప్పుడు చెప్పు. మూతకీ గ్లాసుకీ నడుమ ఎవరు?"

"చెంబు."

వెనక పేజీలో చూస్తాను. చెంబే.

"ఎడమ చివర ఎవరు?"

"గరిటె."

వెనక పేజీలో చూస్తాను. గిన్నె!

"గిన్నెట."

"కాదత్తయ్యా, చూడండి, గరిటేగా ఉంది?"

చూస్తే నిజంగానే ఎడమ కొసన గరిటె కూర్చుని ఉంది. పుస్తకం తప్పా అంటే ప్రతి లెక్కకీ పుస్తకమే ఎందుకు తప్పవుతుంది? ఇలాగే రోజూ. అయిదు ప్రశ్నల్లో రెండు రైటు, మూడు తప్పు. ఒక్కోసారి మూడు రైటు, రెండు తప్పు. తప్పుకి మార్కు కోత కూడా ఉంది. అంటే వచ్చినవి రానివాటికి తిండి పెట్టడానికే సరిపోతాయి. నాకు ముక్కు మీద కోపం. చివరికి ఒక రోజు ఆ గరిటె తీసి పొయ్యి వెనక విసిరాను. ఆమె లేచి వెళ్ళి, తెచ్చి, కడిగి, మళ్ళీ దాని చోట్లో దాన్ని కూర్చోబెట్టింది.

ఆమె కోచింగుకి కూడా వెళ్ళేది. టైర్ల దుకాణం మీద మేడ, ఇనప మెట్లు, గదంతా రబ్బరు వాసన. ఒక ఆదివారం పొద్దున కళ్ళజోడు మరిచిపోయి వెళితే ఇవ్వడానికి నేను వెళ్ళాను. గుమ్మం దగ్గర నిలబడి మంచి చెవి లోపలికి పెట్టాను. రీజనింగ్ మాస్టారు ఎవరినో నిలబెట్టి చివాట్లు పెడుతున్నాడు. తొంగి చూస్తే మా పిల్లే.

"ఆలోచించి రాస్తున్నావా, కళ్ళు మూసుకుని వేలు పెడుతున్నావా అమ్మా? పద్ధతి తెలిసినవాళ్ళకి వస్తే అన్నీ వస్తాయి, పోతే అన్నీ పోతాయి. ఇలా సగం సగం వచ్చిందంటే అది లాటరీ."

వెనక బల్లల్లో కుర్రకారు కిసుక్కున నవ్వారు. "లాటరీ ఆంటీ" అన్నాడొకడు.

"సార్, నేను వాళ్ళని నావైపు చూస్తున్నట్టు కూర్చోబెట్టుకుంటాను. ముఖాలు కనపడకపోతే నాకు సర్దడం రాదు. దానివల్ల ఏమైనా..." అని నీళ్ళు నమిలింది.

"నీవైపు చూసినా ఒకటే, గోడవైపు చూసినా ఒకటే. వాళ్ళ కుడి వాళ్ళదే అని గుర్తుంటే చాలు. గుర్తుంటోందా?"

"ఉంటోంది సార్. ఎప్పుడూ మర్చిపోను."

"మరింకేం?"

మరింకేమో ఆమెకీ తెలీదు, ఆయనకీ తెలీదు. ఆయన చూసేది జవాబుల కాగితమే. చిత్తు కాగితం మీద ఎవరిని ఎలా కూర్చోబెట్టిందో అడిగి చూసే తీరిక ఎవరికుంది? ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. లోపలికి వెళ్ళి కళ్ళజోడు ఆమె చేతిలో పెట్టి, మాస్టారి వైపు తిరిగాను.

"లాటరీకి కూడా పాఠం చెప్పి ఫీజు పుచ్చుకునేవాళ్ళని మిమ్మల్నే చూశాను మాస్టారూ" అన్నాను.

ఈసారి కుర్రకారు గట్టిగా నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు, మంచివాడే. మా కోడలు మాత్రం నవ్వలేదు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు కూడా.

పరీక్ష రోజు వచ్చింది. నేనూ బయల్దేరాను. వద్దంది, విన్నానా? బస్సులో ఇద్దరం ఒకే సీట్లో, నేను ఆమెకి కుడిపక్కన. ఆమె ఒళ్ళో హాల్ టికెట్టు. దాని అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది.

"అమ్మాయ్, ఒక మాట చెబుతాను విను" అన్నాను. "ఆ కూర్చునే లెక్కలు ముట్టుకోకు. వదిలెయ్. తప్పు రాస్తే ఉన్న మార్కులు కూడా కోసేస్తారు."

"వదిలేస్తే చాలవు అత్తయ్యా. పోయినసారి వదిలేశాను కదా."

"ముందటిసారి రాసి పోగొట్టుకున్నావు కదా."

"అందుకే ఏం చెయ్యాలో తెలీడం లేదు."

"తెలీనప్పుడు పెద్దవాళ్ళ మాట వినాలి."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. నాకు తిక్క రేగింది. "చెవుడు నాకు, వినపడనిది నీకు" అన్నాను. అంతే, దిగేదాకా ఇద్దరికీ మాటల్లేవు. గేటు దగ్గర కూడా "వెళ్ళొస్తానత్తయ్యా" అంది గానీ నా ముఖం చూడలేదు. లోపలికి వెళుతుంటే ఆ సన్నటి వీపు చూస్తూ నిలబడ్డాను. పిలిచి ఒక మంచి మాట చెబుదామనుకునేలోపు కటకటాల గేటు వేసేశారు.

అది పాత కాలేజీ. బయట ఎండ మండిపోతోంది. వయసులో పెద్దవాళ్ళని మాత్రం కటకటాలకి ఇవతల ఆఫీసు వరండాలో కూర్చోనిచ్చాడు వాచ్‌మన్. బొద్దు మీసాలు, బట్టతల, నడుముకి తాళాల గుత్తి. నేను బెంచీ మీద ఒక చోట కూర్చోలేకపోయాను. లేచి, తిరిగి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచి, కాలుగాలిన పిల్లిలా అయిపోయాను.

"కాస్త స్థిమితపడు పెద్దమ్మా" అన్నాడు వాచ్‌మన్. "గోడ మీద ఫోటోలు చూడు, పొద్దు పోతుంది. అదిగో ఆ పెద్ద ఫోటోలో నేనూ ఉన్నాను. రెండో వరసలో, ఎడమ నుంచి రెండోవాణ్ణి. అప్పుడు జుట్టుండేది."

సరే చూద్దామని వెళ్ళాను. కాలేజీ సిబ్బంది ఫోటో అది. నెలల తరబడి చెంబులతో గ్లాసులతో కూర్చున్న మనిషిని, నాకు ఒక్కటే ఎక్కిపోయింది: ఎడమ అంటే కూర్చున్నవాళ్ళ ఎడమ, వాళ్ళది వాళ్ళదే. రెండో వరసలో వాళ్ళ ఎడమ కొస నుంచి లెక్కపెట్టాను. రెండోచోట భుజం మీద జడ, లావుపాటి కళ్ళద్దాలతో ఒకావిడ గుర్రుగా చూస్తోంది.

"నీకు జుట్టుండేదంటే ఇంత జడ ఉండేదనుకోలేదు నాయనా" అన్నాను.

అతను వచ్చి చూసి, తాళాల గుత్తి గలగలలాడేలా నవ్వాడు.

"అటు కాదు, ఇటు! ఫోటో కింద రాసేది చూసేవాళ్ళ ఎడమ పెద్దమ్మా. తీసేటప్పుడు ఫోటోగ్రాఫరు 'మీ ఎడమకి జరగండి' అంటాడు, అది మన ఎడమ. తీశాక పేర్లు రాసేటప్పుడు ఆయన ఎడమ నుంచి రాసుకుపోతాడు. ఎక్కడైనా అంతే కదా?"

అతను చూపించిన కొసన, చూస్తున్న నాకు ఎడమగా, బోలెడంత జుట్టుతో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు.

ఇటు కొసా అటు కొసా మార్చి మార్చి చూశాను.

ఎక్కడైనా అంతే. మా ఇంటి గోడ మీద కూడా అంతే. "నా ఎడమ కాదండీ, మీ ఎడమ" అని మా మేస్త్రీని జరిపింది. ఆయన తన ఎడమకి జరిగి జరిగి, చూసేవాళ్ళకి కుడి కొసన తేలాడు. కింద పేర్లలో ఆయన పేరు ఆఖరున ఉంటుంది. జనాన్ని సర్దేటప్పుడు వాళ్ళ ఎడమ, పేర్లు చదివేటప్పుడు తన ఎడమ. మా పిల్ల చేతికీ కంటికీ ఏళ్ళ తరబడి అదే అలవాటు. వంటింట్లో చేసింది కూడా అదే! చెంబుకి కుడిపక్కన గ్లాసంటే, చెంబు తనవైపు చూస్తున్నట్టు ఊహించుకుని, చెంబు కుడిచేతి వైపు సరిగ్గానే పెట్టింది. తీరా ఎడమ చివర ఎవరని అడిగితే, ఫోటో కింద పేర్లు చదివినట్టు తన ఎడమ నుంచి చదివింది. అందుకే గరిటె. నడుమ ఎవరు, పక్కపక్కన ఎవరు అన్నవాటికి కుడీ ఎడమా అక్కర్లేదు, అందుకే అవి రైటు. అది లాటరీ కాదు. మా పిల్ల పద్ధతిగా, ఒక్కసారి కూడా తప్పకుండా, ఒకే తప్పు చేస్తూ వచ్చింది. ఆమె పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకూ గరిటె ఎడమ కొసనే కనపడింది, నేనూ ఆమెతో పాటు పుస్తకాన్ని తిట్టాను.

గేటు దగ్గరికి పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తడం ఇంకొకళ్ళు చూసి ఉంటే నవ్వేవాళ్ళు.

"బాబూ, లోపల మా కోడలుంది. ఒక్క మాట చెప్పాలి."

"గేటు వేశాక దేవుడొచ్చినా తియ్యను పెద్దమ్మా."

"జవాబు చెప్పను నాయనా. ఎవరి ఎడమ అని ఒక్కసారి అడిగి రా. అంతే. ఎవరి ఎడమ? అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

అతను నవ్వలేదు. "బయటి నుంచి ఒక్క ముక్క అందిందని తెలిస్తే ఆ అమ్మాయినే లేపి బయటికి పంపేస్తారు. నీ చేతులారా పంపించుకుంటావా?"

గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నా దగ్గర ఆకులున్నాయి, కాలే చేతులు గోడ అవతల ఉన్నాయి. ఆమె ఇప్పుడు నా మాట విని ఆ లెక్కలు వదిలేసినా పరీక్ష పోతుంది. నా మాట వినకుండా తన అలవాటున రాసినా పోతుంది. ఎటు చూసినా గొయ్యే. పైగా పొద్దున ఆమె చెవిలో నేను పోసి పంపిన ఆఖరి మాట ఒక తిట్టు. నాకు నా నోటి మీద అసహ్యం వేసింది. మిల్లు తీసుకుంటే తీసుకుంది, చెవికి బదులు ఆ నోరే తీసుకుపోవలసింది.

వాచ్‌మన్ కుర్చీ తెచ్చి గేటు పక్కన వేశాడు. కూర్చోలేదు. అతను మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని, తాగడం మరిచిపోయి, దానికేసి చూస్తూ ఉండిపోయాను. ఎవరి పక్కన కూర్చుంది ఈ గ్లాసు, ఎటు తిరిగి కూర్చుంది అని నా బుర్ర తిరుగుతూనే ఉంది.

గంట మోగింది. కటకటాలు తెరిచారు. జనం గుంపుగా వచ్చారు. కొందరు నవ్వుతూ, కొందరు ఒకరి జవాబు ఒకరితో పోల్చుకుంటూ. ఒక పిల్ల ఏడుస్తూ వెళ్ళింది. ఏడ్చేది మా పిల్లేమోనని ప్రాణం పోయినంత పనైంది. మా కోడలు అందరికంటే వెనక వచ్చింది. ముఖంలో ఏమీ లేదు, తుడిచిన పలకలా ఉంది.

"వదిలేశావా?" అన్నాను.

"లేదత్తయ్యా. రాశాను."

ఆ కుర్చీలో అప్పుడు కూర్చున్నాను.

"ఎడమ ఎటు నుంచి చదివావు?" అని అడిగాను. "నీ ఎడమ నుంచా, వాళ్ళ ఎడమ నుంచా?"

ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. "మీకెలా తెలుసు?"

"ముందు చెప్పు!"

చెప్పింది. తన సీటు ఆఖరి వరసలో వచ్చిందట. కూర్చునే లెక్కకి ఎప్పటిలాగే అందరినీ తనవైపు తిప్పుకుని సర్దిందట, అయిదు జవాబులూ పెట్టిందట. మిగిలిన ప్రశ్నలన్నీ అయ్యాక కంప్యూటరు తెర మీద ఇంకా కాస్త టైము కనపడింది. అప్పుడు నా మాట గుర్తొచ్చి, ఆ అయిదూ చెరిపేద్దామని వెనక్కి వెళ్ళింది. చెరిపే ముందు ఒకసారి తలెత్తి చూసింది.

"ముందు వరసలో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారత్తయ్యా. అన్నీ వీపులే. ఇన్నేళ్ళలో నేను ఒక వరసని వెనక నుంచి ఎప్పుడూ చూడలేదు. అప్పుడనిపించింది, నేను కూడా ఒక వరసలోనే ఉన్నాను కదా అని. ఏ ఫోటోలోనూ లేను గానీ ఇక్కడ ఉన్నాను కదా. వాళ్ళందరినీ చూడటం మానేసి, ఒక్కొక్కళ్ళ కుర్చీలో నేనే కూర్చుంటే ఎలా ఉంటుందా అని..."

"కూర్చుంటే?"

"కూర్చున్నాను. కానీ కంగారులో ఏది కుడో ఏది ఎడమో ఏమీ తెలీలేదు. అప్పుడు మీరు గుర్తొచ్చారు." ఆగింది. "మీరెప్పుడూ అటే కూర్చుంటారు కదా. మీరున్న వైపు కుడి అనుకున్నాను. ఏ కుర్చీలో కూర్చున్నా మీరున్న వైపే కుడి. అలా సర్దాను, అలాగే చదివాను. మూడు జవాబులు వేరేగా వచ్చాయి. ఏవి నిజమో తెలీదు, టైము అయిపోతోంది. మార్చేశాను."

పొద్దున తిట్టి పంపిన మనిషిని లోపలికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అంతమంది ముందు, వాచ్‌మన్ ముందు, సిగ్గు లేకుండా. ఆమె భయపడిపోయింది, మార్చి తప్పు చేసిందనుకుంది పాపం. అప్పుడు ఆ ఫోటో దగ్గరికి లాక్కెళ్ళి, జడావిడనీ జుట్టు కుర్రాణ్ణీ చూపించి, అంతా చెప్పాను. నుదురు కొట్టుకుంది. తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెడితే వాచ్‌మన్ వచ్చి, ఇక బయల్దేరండి, తాళం వేసుకోవాలి అన్నాడు.

ఫలితం సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో, ఫ్యాను కింద, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటోంది. నా కొడుకు ఊరంతా చాటాడు, తనే చదివించినట్టు. రీజనింగ్ మాస్టారు తన బోర్డు మీద ఆమె ఫోటో అంటించుకున్నాడు. అవన్నీ నేనూ అందరికీ చెప్పాను. ఆ రోజు తిరుగు బస్సులో జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఒక్కటే ఖాళీగా ఉంది, కుడివైపు వరసలో. ఆమె అలసిపోయి, ముందు ఎక్కి కిటికీ పక్కన కూలబడింది. అంటే నేను కూర్చోవలసింది ఆమెకి ఎడమపక్కన. నేను కూర్చోలేదు.

"లే అమ్మాయ్. నన్ను లోపలికి పోనీ."

"ఎక్కడో ఒక చోట కూర్చోండి పెద్దమ్మా, బస్సు కదులుతోంది" అని కండక్టరు అరిచాడు. "ఎటు కూర్చుంటే ఏముంది?"

"నాకు ఈ చెవి వినపడదు బాబూ" అన్నాను. "ఈ పిల్ల మాట వినాలంటే నేను అటే కూర్చోవాలి."

ఆమె లేచింది. నేను లోపలికి జరిగి, ఆమెకి కుడిపక్కన సర్దుకుని కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.